రుబ్బిన పిండి: పట్టణంలో ఎక్కడ కొనవలెను? ఏ వేళకు కొనవలెను?

విజయనగరంలో గాని, శ్రీకాకుళంలో గాని రుబ్బురోలు వాడుకలో ఉన్న ఇల్లు ఈనాడు వెదకితే తప్ప కనిపించదు. అద్దె వాటాలలో రోటికి చోటు లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళు ఇండ్లలో పప్పు నానబోసి, కడిగి, రుబ్బి, పులియబెట్టుటకు తీరిక లేదు. గ్రైండరు ఉన్నవారు సైతం దానిని కడుగు శ్రమకు జంకి వారానికొకసారి మాత్రమే బయటకు తీయుచున్నారు. కాబట్టి ఇడ్లీ పిండి, అట్ల పిండి బజారులో కొని తెచ్చుకొనుట సాధారణమైపోయినది. ఇందులో తప్పేమియు లేదు. కాలానికి తగిన ఏర్పాటు ఇది.

అయితే నా వద్దకు కడుపులో మంట, పుల్లని త్రేనుపులు, ఉబ్బరము అని చెప్పుకొనుచు వచ్చువారిని ఉదయపు ఫలహారమేమిటని అడుగుట నాకు అలవాటు. “ఇడ్లీయే కదండీ, తేలికైనదే తింటున్నాను” అని పలువురు సమాధానమిత్తురు. అప్పుడు నేను రెండు ప్రశ్నలు వేయుదును. పిండి ఎక్కడిది? ఎప్పుడు రుబ్బినది? మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెప్పుదురు. దుకాణము పేరు, వీధి పేరు, కిలో ధర కూడా చెప్పుదురు. రెండవ ప్రశ్నకు మాత్రం జవాబు ఉండదు. నిజానికి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న ఆ రెండవదే.

రుబ్బిన పిండి ఉప్పు, పంచదారల వంటి సరుకు కాదు. అది పాల వంటిది. గంట గంటకు దాని గుణము మారును. మినప్పప్పు, బియ్యపు రవ్వ నీటితో కలిసి నలిగిన క్షణము నుండి, గింజలపైనే ఉన్న సూక్ష్మజీవులు అందులో పెరుగుట మొదలిడును. శాస్త్రజ్ఞులు ల్యూకోనోస్టాక్ అని పిలుచు జాతి మొదట పెరిగి పిండిని పొంగించును. మినప్పప్పులోని జిగురు ఆ గాలిని బయటకు పోనీయక పట్టి ఉంచును. ఇడ్లీ మెత్తగా వచ్చుటకు కారణమిదే. ఆ తరువాత ఆమ్లమును పుట్టించు ఇతర జాతులు బలపడును. పిండి పులియును. ఈ పులుపు మితముగా ఉన్నంతవరకు మేలే చేయును. గింజలలోని ఖనిజములను పట్టి ఉంచు ఫైటిక్ ఆమ్లము కొంత తగ్గును, పిండి సులభముగా జీర్ణమగును. పులుపు మితము దాటినచో ఆ పిండియే పిత్తమును రేపును. మాధవనిదానము ఆమ్లపిత్తమునకు చెప్పిన కారణములలో చెడిన ఆహారము, మితిమీరిన పులుపు, విదాహకరములైన పదార్థములు ఉన్నవి. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, బయటకు తీసి, మరల లోపల పెట్టిన పిండితో వేసిన అట్టు ఈ మూడింటికీ సరిపోవును.

మన ప్రాంతపు వాతావరణమును కూడా గుర్తుంచుకొనవలెను. సముద్రపు తేమ, ఉక్క కలిసిన వైశాఖ జ్యేష్ఠ మాసాలలో 5, 6 గంటలలోనే పిండి పొంగును. ధనుర్మాసపు చలిలో, సాలూరు, పార్వతీపురము వంటి కొండ దాపు ఊళ్ళలో, 12 గంటలు పట్టినను ఆశ్చర్యము లేదు. కావున “రాత్రి రుబ్బితే ఉదయానికి సిద్ధము” అను మాట అన్ని ఋతువులకూ ఒకే విధముగా వర్తించదు.

తడి పిండిని కొనుక్కొనుట మన ఒక్కరికే పరిమితమైన ఆచారము కాదు. మెక్సికో దేశపు నగరాలలో మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పొట్టు పోవునట్లు కడిగి, తడిగా నూరిన ముద్దను ‘మాసా’ అందురు. ‘తోర్తియా’ అను వారి రొట్టెకు ఇదే ఆధారము. ఆ ముద్దను ఏ పూటకు ఆ పూట మర వద్దనే కొని తెచ్చుకొను అలవాటు వారిది. సున్నపు నీటిలో ఉడికించుట రుచికొరకే కాదు. మొక్కజొన్నలోని నియాసిన్ అను విటమిను బంధింపబడి ఉండును. సున్నము దానిని విడిపించును. ఈ మర్మము తెలియక మొక్కజొన్నను మాత్రం తీసుకొనిపోయిన ఇటలీలోను, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను పేదలు పెల్లాగ్రా వ్యాధికి గురియై చర్మము చెడి, విరేచనములతో, మతిభ్రమతో బాధపడిరి. మన దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారమైన బీదలలో కూడా ఈ వ్యాధి కనిపించినది. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుచున్న హైదరాబాదు పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు శ్రీకాంతయ్య దీనిని పరిశీలించి 1960లో జొన్నలలోని లూసిన్ అధికముగా ఉండుట ఒక కారణమని సూచించిరి. ఇదంతయు ఎందుకు చెప్పితిననగా, గింజ ఏదైనను అది మన కడుపున ఎట్లు పనిచేయునో రుబ్బుటకు ముందు, రుబ్బిన తరువాత మనము చేసే పనులే చాలవరకు నిర్ణయించును. మన పెద్దలు పప్పును నానబెట్టుట, చోళ్ళను మొలకెత్తించుట, అంబలిని పులియబెట్టుట ఈ కోవలోనివే.

ఇక అసలు విషయము. ఎక్కడ కొనవలెను?

అన్నిటికంటె మేలైన మార్గము మీ వీధి చివరి పిండిమర. కొన్ని మరలలో పొడి పిండి పట్టు రాళ్ళతోపాటు రుబ్బు గ్రైండరు కూడా ఉండును. మీ పప్పు, మీ రవ్వ, మీ నీరు మీరే తీసుకొనిపోయి కిలోకింత అని కూలి ఇచ్చి రుబ్బించుకొనవచ్చును. ఇంటి యందు చేయవలసిన పని నానబెట్టుట ఒక్కటే. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ చాలును. పప్పు 4, 5 గంటలు నానవలెను. రవ్వను వేరుగా నానబోసి, రెండు మూడు మార్లు కడిగి, పిండి, చివరలో కలుపుకొనవలెను. రవ్వను గ్రైండరులో వేయనక్కర లేదు. అట్లకైతే ఒక గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల బియ్యము, ఒక చెంచా మెంతులు కలిపి రుబ్బించవలెను. రుబ్బునప్పుడు చన్నీళ్ళు వాడుమని మరవానికి చెప్పండి. రాయి వేడెక్కినచో పిండి సరిగా పొంగదు.

మర వద్ద ఒక జాగ్రత్త ముఖ్యము. మీ ముందు ఏమి వేసినారో అడుగవలెను. ఎండు మిరపకాయలు పట్టిన మరలో వెంటనే చంటిబిడ్డ చోడి పిండి పట్టించినచో ఆ బిడ్డ పడు బాధ తల్లికే తెలియును. గోధుమ పడని వ్యాధి ఉన్నవారి ఇంటికి పిండి కావలెనన్నచో గోధుమలు పట్టు మరను పూర్తిగా విడిచిపెట్టి, బియ్యము, చోళ్ళు మాత్రమే పట్టు మరను వెదకుకొనుట మంచిది.

రెండవ మార్గము ఇండ్లవద్ద రుబ్బి అమ్మువారు. విజయనగరంలో దాసన్నపేట, కొత్తపేట, కంటోన్మెంటు వంటి నివాసపు పేటలలోను, శ్రీకాకుళంలో అరసవల్లికి వెళ్ళు దారి వెంటను, ఏడురోడ్ల కూడలికి లోపలి వీధులలోను నడుచునప్పుడు గుమ్మముల వద్ద “ఇడ్లీ పిండి, అట్ల పిండి దొరకును” అని వ్రాసిన పలకలను చూడుడు. ఇట్టి చోట్ల వ్యాపారము చిన్నది, ఏ రోజు పిండి ఆ రోజే అమ్ముడుపోవును. మనము అడిగిన ప్రశ్నకు రుబ్బిన మనిషే జవాబు చెప్పును. నేను ఒకచోట అడిగితిని. “అమ్మా, ఈ పిండి ఎప్పటిది?” ఆమె తడబడక “మూడు గంటలకి పప్పు ఏసినాను బాబూ, ఇప్పుడే దించినాను, గిన్ని ముట్టుకుని సూడండి, ఇంకా సల్లగా ఉంది” అన్నది. ఇంత సూటియైన జవాబు ఏ ప్యాకెట్టు మీదను కనిపించదు.

మూడవది ఫలహారశాలలు. గంటస్తంభము చుట్టుపక్కల గాని, మూడులాంతర్ల వైపు గాని, శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి వద్ద గాని ఉదయపు టిఫిన్ల వ్యాపారము ముగిసిన పిమ్మట పిండి మిగులును. అడిగినచో కొందరు దానిని అమ్ముదురు. ఆ పిండి కొనవద్దని నా సలహా. అది క్రిందటి రోజున రుబ్బి, రాత్రి పులిసి, ఉదయమంతా పొయ్యి వేడికి మూత లేక ఉన్న పిండి. అదే ఫలహారశాలలో మరునాటికొరకు మధ్యాహ్నమో, సాయంకాలమో రుబ్బు వేళ ఉండును. ఆ వేళ తెలుసుకొని, మీ గిన్నె తీసుకొని వెళ్ళి, ఉప్పు కలుపక ముందే ఒక కిలో కొలిపించుకొనుడు. వారి గ్రైండరు పెద్దది, రాయి మంచిది, పప్పు బాగా నురుగు వచ్చునట్లు నలుగును. పరిచయము ఉన్నచో కాదనరు.

నాలుగవది పెద్ద దుకాణాలలో శీతల పేటికలలో దొరకు ప్యాకెట్టు పిండి. పని తొందరలో ఇది తప్పనిసరి కావచ్చును. ప్యాకెట్టు మీద తయారైన తేది, ఎన్నాళ్ళు నిలువ ఉండునో, ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నవా అని చూడవలెను. సంచి బుడగవలె ఉబ్బి ఉన్నచో అది శీతలము తప్పి బయట చాలసేపు ఉన్నదని గ్రహించి విడిచిపెట్టవలెను. వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నములు మన ఊళ్ళలో కొత్త కాదు గదా. అట్టి రోజున సాయంకాలము ప్యాకెట్టు కొనకుండుట ఉత్తమము. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవపు వారంలో కూడా నేను ప్యాకెట్టు గాని, దుకాణపు పిండి గాని సిఫారసు చేయను. బంధువుల రాకతో గిరాకీ పెరిగి, రెండు రోజులకు సరిపడు పిండిని ఒకేసారి రుబ్బి ఉంచుట ఆ వారంలో సహజము.

ఇన్ని మార్గములు చెప్పినను, వీటన్నిటికీ వర్తించు సూత్రము ఒకటే. పిండిని సాయంకాలము 4 నుండి 7 గంటల మధ్య, రుబ్బిన వెంటనే, ఉప్పు లేకుండా, పులియక ముందు కొనవలెను. పులియుట మీ ఇంటిలో జరుగవలెను. ఉదయము 9 గంటలకు రుబ్బి సాయంకాలము అమ్మిన పిండి అప్పటికే సగము పులిసి ఉండును. దానిని తెచ్చి రాత్రంతా బయట ఉంచినచో రెండవ పులుపు పట్టును. శ్రీకాకుళం నుండి నా వద్దకు వచ్చు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇడ్లీ మానివేయవలెనేమో అని దిగులుపడెను. ఆయనకు నేను మందు మార్చలేదు, ఇడ్లీ మాన్పించలేదు. పిండి కొను వేళను మార్పించి, రెండవ రోజు పిండి ముట్టవద్దంటిని. నెల దిరిగిన పిమ్మట ఆయన ఉదయపు మంట చాలవరకు తగ్గినదని చెప్పెను. అందరికీ ఇంత సులభముగా తగ్గునని నేను చెప్పను. మంట వారముల తరబడి ఉన్నవారు, మలము నల్లగా పోవువారు, బరువు తగ్గువారు పిండిని నిందించుచు కూర్చుండక వైద్యుని వద్ద పరీక్ష చేయించుకొనవలెను.

పిండిని తెచ్చుటకు మూత గల స్టీలు గిన్నెను గాని, పింగాణీ జాడీని గాని వాడుడు. సగము కంటె ఎక్కువ నింపకుడు, పొంగుటకు చోటు కావలెను. కొందరు పలుచని ప్లాస్టిక్ సంచులలో పోసి ముడివేసి తెచ్చుకొనుచున్నారు. పులుపు పుట్టు పదార్థమును అట్లుంచుట నాకు సమ్మతము కాదు.

వంటసోడా సంగతి వేరుగా చెప్పవలెను. పప్పు ధర పెరిగినప్పుడు కొందరు మినప్పప్పు తగ్గించి, సోడాతో పిండిని పొంగించుదురు. 5 గ్రాముల వంటసోడాలో 1,300 మిల్లీగ్రాములకు పైగా సోడియము ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తము మీద 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియము చాలునని చెప్పుచున్నది. రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించితిమని సంతోషించుచు, ఇట్టి ఇడ్లీలు నాలుగు తిన్నచో ఆ నియమము వ్యర్థమగును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానము ప్రాంతమున, అనగా కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు పరిసరాలలో, మూత్రపిండాల వ్యాధితో ఎన్ని కుటుంబాలు చితికిపోయినవో మనకు తెలియును. ఆ వ్యాధి ఉన్న ఇంటిలో బజారు పిండి విషయమున మరింత మెలకువ అవసరము. సోడా లేదని నమ్మకము కలిగిన చోటనే కొనవలెను, లేదా ఇంట్లోనే రుబ్బుకొనవలెను.

సోడాను పట్టుకొనుటకు ఇంటి ఉపాయమున్నది. అప్పుడే రుబ్బినదని చెప్పి ఇచ్చిన పిండిని ఒక చెంచాడు తీసి నిమ్మరసము నాలుగు చుక్కలు పిండుడు. వెంటనే చురచురమని నురుగు వచ్చినచో సోడా కలిసినదని అర్థము. పులిసిన పిండికి ఈ పరీక్ష పనికిరాదు, అందులో ముందే గాలి ఉండును. పులిసిన పిండిని రుచి చూడవలెను. బాగా పొంగియు పులుపు ఏమాత్రము లేనిచో అనుమానింపవలెను. ఉడికిన ఇడ్లీపై పసుపు వన్నె మచ్చలు, నాలుకకు సబ్బు వంటి రుచి తగిలినను అదే కారణము.

నిలువ ఉంచుట గురించి. పిండి పొంగిన వెంటనే ఆ పూటకు కావలసినంత తీసి, తక్కినది ఫ్రిజ్‌లో పెట్టవలెను. మరునాడు అట్లకు, ఆ మరునాడు దిబ్బరొట్టెకు వాడి ముగించవలెను. అంతకు మించి నా ఇంటిలో ఉంచనీయను. పైన గులాబి రంగు గాని, నారింజ రంగు గాని, నల్లని బూజు గాని కనిపించినచో ఆ మేర తీసివేసి తక్కినది వాడుట తగదు, మొత్తము పారవేయవలెను. ‘బాగా ఉడికించితే ఏమి కాదు’ అనుకొనువారికి ఒక సంఘటన చెప్పుదును. 2020 అక్టోబరులో చైనా ఈశాన్యమున హైలుంగ్‌జియాంగ్ రాష్ట్రములో ఒక కుటుంబమువారు పులియబెట్టిన మొక్కజొన్న పిండితో చేసిన సేవియల వంటి వంటకమును తినిరి. ఆ పిండి ఏడాదిపాటు ఫ్రిజ్‌లో నిలువ ఉన్నది. తొమ్మిదిమంది మరణించిరి. పిండిలో ఒక సూక్ష్మజీవి పుట్టించిన విషము కారణమని తేలినది. ఆ విషము ఉడికించినను నశించదు. మన రాత్రి పులిసే ఇడ్లీ పిండికి దీనితో పోలిక లేదు, భయపడనవసరము లేదు. తడి పిండిని నెలల తరబడి దాచుట మాత్రము ఎన్నడును తగదని దీనివలన తెలియుచున్నది.

మన ప్రాంతపు వారికి ఇడ్లీకంటె పాతదైన ఉదయాహారము చోడి అంబలి. చోళ్ళనగా ఇతర జిల్లాలవారు రాగులని పిలుచునవే. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నట్లు జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలు చెప్పుచున్నవి. అంతే తూకము పాలిష్ బియ్యములో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధనా స్థానము చోళ్ళలో పలు రకములను రూపొందించినది. ఒక రకమునకు జిల్లాలో ప్రవహించు నది పేరిట ‘చంపావతి’ అని పేరు పెట్టిరి. తెల్లని గింజనిచ్చు ‘హిమ’ కూడా అక్కడిదే. 2023 చిరుధాన్యాల సంవత్సరమైన తరువాత దుకాణాలలో అందమైన డబ్బాలలో చోడి పిండి వచ్చినది. నేను మాత్రము గింజ కొనుడని చెప్పుదును. రైతుబజారులోనో, సాలూరు, సీతంపేట వంటి చోట్ల జరుగు సంతలోనో గింజలు కొని, రాళ్ళు ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి, పదిహేను రోజులకు సరిపడునంత మాత్రమే మరలో పట్టించుకొనుడు.

అంబలికి కావలసిన చోడి పిండిని రాత్రి నీటిలో కలిపి ఉంచవలెను. ఉదయము నూకలు ఉడుకుచున్న ఎసటిలో ఆ పులిసిన పిండిని పోసి, ఉండ కట్టకుండ కలియబెట్టి, పచ్చి వాసన పోవువరకు ఉడికించవలెను. చల్లారిన పిమ్మట పలుచని మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపి త్రాగవలెను. వేసవిలో బండ్ల మీద అమ్మువారి వద్ద త్రాగుటకు అభ్యంతరము లేదు గాని, వారు కలుపు నీరు, మజ్జిగ ఎక్కడివో గమనించవలెను. ఐసు ముక్కలు వేయు బండి వద్ద నేను ఆగను. మధుమేహము ఉన్నవారు చోడి ఎంతయైనను త్రాగవచ్చునని అనుకొనుచున్నారు. అదియు పిండిపదార్థమే. పలుచగా, ఒక గ్లాసుతో ఆపవలెను. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు భాస్వరము, పొటాషియము లెక్క చూడవలసి ఉండును గావున, చోడిని వైద్యుని అడుగకుండా మొదలిడరాదు.

ఆరు నెలలు నిండిన బిడ్డకు చోళ్ళను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండి శ్రేష్ఠము. మొలక వచ్చినందున జావ పలుచగా ఉండి, చిన్న కడుపులో ఎక్కువ బలము చేరును. ఏడాది లోపు బిడ్డకు అందులో తేనె కలుపరాదు.

గంట్లు, అనగా సజ్జలు, వీటి పిండి విషయమున చోడికంటె ఎక్కువ తొందర అవసరము. గంట్లలో నూనె పాలు ఎక్కువ. పిండి పట్టించిన కొద్ది రోజులకే ఆ నూనె చెడి, మురుగు వాసన, చేదు పుట్టును. గంట్ల రొట్టె చేదని విసుగుకొను ఇండ్లలో తప్పు గింజది కాదు, పిండి వయస్సుది. వారము దాటిన పిండి వద్దు.

ఎంత తినవలెనన్నది ఎంత తాజాదియన్నంత ముఖ్యము. చరకాచార్యుడు సూత్రస్థానము ఐదవ అధ్యాయమున పిండి వంటలు గురువులని, భోజనమైన పిదప వాటిని తినరాదని, ఆకలి ఉన్నప్పుడు కూడా మాత్ర మించరాదని చెప్పెను. మినుములు గురువు, స్నిగ్ధము, వాతహరము, బలకరము. పొలము పనికి పోవువానికి నాలుగు దిబ్బరొట్టె ముక్కలు అరుగును. రోజంతా కుర్చీలో కూర్చుండు గుమాస్తాకు అవే ముక్కలు సాయంకాలము వరకు బరువుగా ఉండును. అట్టివారు అల్లము, జీలకఱ్ఱ, కరివేపాకు పిండిలో కలుపుకొని, కొబ్బరి పచ్చడికి మారుగా అల్లపు పచ్చడి వేసుకొనుట మంచిది. రాత్రి భోజనమునకు బదులుగా అట్లు తినువారు 8 గంటల లోపున ముగించవలెను.

సంక్రాంతికి కావలసిన తడి బియ్యపు పిండి సంగతి ఇంకొకటి మిగిలినది. అరిసెలకు, పోకుండలకు పొడి పిండి పనికిరాదు. బియ్యము ఒక రాత్రి నాని, నీరు ఓడి, గుడ్డ మీద కొంచెము ఆరి, చేతికి తేమ తగులుచున్నప్పుడే మరలో పడవలెను. ఆ పిండిని జల్లించి తేమ ఆరకమునుపే పాకములో కలుపవలెను. సాయంకాలము వరకు ఉంచినచో పుల్లబడి, అరిసె నూనెలో విడిపోవును. నూనె కూడా ఎక్కువ పీల్చును. భోగికి ముందు రెండు రోజులు మరల వద్ద వరుస చాల పొడవుగా ఉండును, తడి పిండి డబ్బాలు ఎండలో గంటల తరబడి నిలుచును. పాకము పట్టు మనిషి ఇంటికి వచ్చు వేళను ముందు నిశ్చయించుకొని, మర తెరచిన వెంటనే, మిరపకాయలు పసుపు కొమ్ములు ఇంకా అందులో పడకమునుపే, ఉదయము వెళ్ళి పట్టించుకొని రావలెను.